పాల బిల్లు, బ్యాంకు ఖాతా – సభ్యులు గమనించవలసిన విషయాలు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులకు, కార్యదర్శులకు జరిపిన శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చూడగానే ఆడిట్ అభ్యంతరాలు చదువుతామని కొందరు కార్యదర్శులు అనుకొని వుంటారు. ఈ రోజు ఆ పని లేదు. పాలు పోసినందుకు రావలసిన పైకం బ్యాంకు దాకా క్షేమంగా వచ్చిన తర్వాత, అక్కడి నుంచి మీ చేతికి రాకుండా ఎట్లా మాయమవుతున్నదో, దానిని ఎట్లా కాపాడుకోవాలో చెప్పమన్నారు. ఇది వినడానికి బ్యాంకు వారి విషయం లాగా వుంటుంది. కాని మూడు బర్రెలు పెట్టుకొని పదిహేను రోజుల బిల్లు కోసం ఎదురు చూసే ఇంటికి ఇది దాణా విషయం, పిల్లల ఫీజు విషయం, కిరాణా కొట్టు బాకీ విషయం. అందుచేత కొంచెం వివరంగానే మాట్లాడతాము.

వెనుకట బిల్లు రోజు ఎట్లా వుండేదో పెద్దవారికి జ్ఞాపకం వుంటుంది. సంఘం ముందు బల్ల వేసేవారు. కార్యదర్శి పేరు పిలిచి, దాణా బాకీ, బర్రె అప్పు వాయిదా కోసుకొని, మిగిలినది చేతిలో పెట్టి, పట్టీ మీద సంతకమో నిశానీయో తీసుకొనేవాడు. ఆ రోజుల్లో మోసం జరిగితే కొలత దగ్గర జరిగేది, లేదా వెన్న శాతం దగ్గర జరిగేది. మీరు ఊరుకున్నారా? లేదు. లాక్టోమీటరు ఎట్లా తేలుతుందో కన్నార్పకుండా చూడడం నేర్చుకున్నారు. శాంపిల్ సీసా మీద తమ నంబరే వున్నదా లేదా అని అడగడం నేర్చుకున్నారు. చదువు రాని తల్లులు కూడా కార్డు మీద పడిన అంకెను గుర్తు పెట్టుకొని, సాయంత్రం పాలకు వచ్చినప్పుడు నిలదీయడం మేము చాలా గ్రామాల్లో చూశాము. మేము ఈ రోజు చెప్పబోయేది దాదాపుగా ఇదే. మీరు శాంపిల్ సీసా దగ్గర చూపే జాగ్రత్తను వేలు పెట్టే మిషను దగ్గర కూడా చూపమని కోరుతున్నాము.

బ్యాంకు ద్వారా చెల్లింపు రావడం మంచిది కాదని మేము అనడం లేదు. మధ్యలో కోతలు తగ్గాయి. ఆడవారి పేరు మీద ఖాతాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2010 తర్వాత ఉపాధి హామీ కూలీని, పింఛన్లను వేలిముద్ర గుర్తింపు గల స్మార్ట్ కార్డులతో చెల్లించిన పద్ధతిని ఎనిమిది జిల్లాల్లో అర్థశాస్త్రవేత్తలు పరిశీలించారు. అందులో మన నల్లగొండ జిల్లా ఒకటి. కూలీ డబ్బు త్వరగా చేరిందనీ, మధ్యలో పోయేది తగ్గిందనీ వారు తేల్చారు. కాబట్టి యంత్రాన్ని తిట్టడం న్యాయం కాదు. అయితే దొంగ కూడా ఊరికే కూర్చోడు. పైసలు ఎటు పోతే అటే వాడూ పోతాడు.

ఇక నిశానీ సంగతి. వేలిముద్ర అన్నది మన దేశంలో చాలా కాలంగా ఒప్పందానికి సాక్ష్యంగా వాడుకలో వుంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి, రోడ్డు పనికి కంకర సరఫరా చేసే గుత్తేదారు చేత ఒప్పంద పత్రం మీద మొత్తం అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఈ మనిషి ఇది నా చేవ్రాలు కాదని అనకుండా వుండేందుకు అట్లా చేశాడు. అంటే ముద్ర తీసుకొనేవాడి రక్షణ కోసం పుట్టిందే గాని, వేసేవాడి రక్షణ కోసం కాదు. మన తెలంగాణ ప్రాంతంలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. తెల్లకాగితం మీద నిశానీ వేయించుకొని, తర్వాత ఇష్టమైన అంకె రాసుకొన్న షావుకార్ల కథలు ప్రతి ఇంట్లోనూ వున్నాయి. సాయుధ పోరాట కాలంలో ఈ నల్లగొండ గ్రామాల్లో జనం అప్పు పత్రాలు తగలబెట్టారంటే ఆ కాగితాల కింద వున్న బొటనవేలి ముద్రలు ఎంత ఏడిపించాయో ఊహించుకోవచ్చు.

ఆ పత్రాలు కాలిపోయాయి. ఇప్పుడు నిశానీ మిషను మీదికి వచ్చింది. గ్రామంలో బ్యాంకు మిత్ర దగ్గర గాని, కిరాణా కొట్టులో గాని చిన్న మిషను పెట్టి డబ్బు ఇస్తున్నారు కదా, దానిని ఆధార్ ఆధారిత చెల్లింపు విధానం అంటారు. దానికి కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. రహస్య అంకె అడగదు, ఫోనుకు ఓటీపీ రాదు. చదువు రానివారికి సౌకర్యంగా వుండాలని అట్లా ఏర్పాటు చేశారు. ఆ సౌకర్యమే దొంగకూ సౌకర్యమైంది. ఎందుకంటే ఈ మూడింటిలో బ్యాంకు పేరు ఊరందరికీ తెలుసు. ఆధార్ నంబరు పది చోట్ల జిరాక్సు ఇచ్చి వున్నాము. మిగిలింది వేలు ఒక్కటే.

ఆ వేలు కూడా దొంగ చేతికి వెళ్ళిన సంగతులు మన దగ్గరే జరిగాయి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక యువకుడు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో వున్న భూమి దస్తావేజులను దించుకొని, వాటి మీద వున్న వేలిముద్రలను రబ్బరు మీదికి ఎక్కించి, ఎవరెవరి పేరు మీదనో వేల సంఖ్యలో సిమ్ కార్డులు చలామణీ చేశాడని హైదరాబాదు పోలీసులు పట్టుకొన్నారు. అమ్మకాల లక్ష్యం పూర్తి చేసుకొనేందుకు ఆ పని చేశాడు. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొన్న ముఠా ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ దస్తావేజుల నుంచి అదే విధంగా ముద్రలు తయారు చేసి, సుమారు 150 మంది ఖాతాల నుంచి 14 లక్షల రూపాయలకు పైగా తీసింది. ఆ ఖాతాదారులు ఎవరికీ ఫోనులో ఏమీ చెప్పలేదు. ఏ లింకూ నొక్కలేదు. ఎప్పుడో భూమి కొన్నారు లేదా అమ్మారు, దస్తావేజు మీద నిశానీ వేశారు, పక్కన ఆధార్ నంబరు రాయించారు. వారు చేసినది అంతే.

దీనిని మేము ఇంత వివరంగా చెప్పడానికి కారణం వుంది. మోసపోయినవారిని అమాయకులని, అత్యాశపరులని అనడం మనలో అలవాటైపోయింది. అన్ని మోసాలూ ఆశ వల్ల జరగవు. కాగితాన్ని భద్రం చేయవలసినవాడు చేయకపోతే, ఆ కాగితం మీద పేరున్నవాడు నష్టపోతాడు. ఈ మాటను కార్యదర్శులు జ్ఞాపకం పెట్టుకోవాలి, తర్వాత దీని దగ్గరికే వస్తాము.

ఈ కేసుల తర్వాత కొంత కట్టుదిట్టం జరిగింది. పెట్టింది నిజమైన వేలా, నకలు ముద్రా అని పరీక్షించే పద్ధతిని 2023లో ఆధార్ సంస్థ తెచ్చింది. మిషను నడిపేవారి వివరాలు బ్యాంకులు సరిగా విచారించి తీరాలని, మూడు నెలలు వరుసగా పని చేయని వారిని మళ్ళీ విచారించాకే అనుమతించాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. అది 2026 జనవరి 1 నుంచి అమలుకు వచ్చింది. ఇవి మంచివే. కాని మన గ్రామాల్లో రోజూ జరిగే చిన్న మోసానికి రబ్బరు ముద్ర కూడా అవసరం లేదు. మీ సొంత వేలే చాలు.

అది ఎట్లాగో చెబుతాము. గడ్డి కోసి, పాలు పిండి, పేడ ఎత్తి, ఆడవారి చేతివేళ్ళ గీతలు అరిగిపోయి వుంటాయి. మిషను ఒక్కసారికి పట్టదు. 'అమ్మా, పడలేదు, మళ్ళీ పెట్టు' అంటాడు నడిపేవాడు. తల్లి మళ్ళీ పెడుతుంది. మూడోసారి తుడుచుకొని పెడుతుంది. ఇందులో నిజంగా పడనిది ఎన్నిసార్లు, పడినా పడలేదన్నది ఎన్నిసార్లు అన్నది ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఎక్కువ మంది నడిపేవారు నిజాయితీపరులే, ఎండలో వానలో ఊరికి సేవ చేస్తున్నవారే. అయితే ఒకడు దొంగబుద్ధి గలవాడు వుంటే, ఒక వేలుతో రెండుసార్లు తీసి, ఒకసారి తీసినదే చేతిలో పెట్టగలడు. లేదా నిల్వ ఎంత వుందో చూస్తానని వేలు పెట్టించి డబ్బు తీసి, 'నీ బిల్లు ఇంకా పడలేదమ్మా' అని పంపివేయగలడు. ఆ తల్లి నేరుగా సంఘానికి వచ్చి కార్యదర్శిని తిడుతుంది. బిల్లు పంపినా పంపలేదన్న మాట కార్యదర్శి పడుతున్నాడు. ఇట్లాంటి ఫిర్యాదులు విచారణకు వచ్చినప్పుడు మేము మొదట అడిగేది పాస్‌బుక్కు. చాలా పుస్తకాల్లో రెండేళ్ళుగా ఒక్క పంక్తి కూడా అచ్చు వేయించి వుండదు.

అందుచేత మిషను దగ్గర చేయవలసినవి చెబుతున్నాము, కార్యదర్శులు ఇంటికి వెళ్ళాక మిగతా సభ్యులకు కూడా చెప్పాలి. వేలు పెట్టే ముందు ఇది నిల్వ చూడడానికా, డబ్బు తీయడానికా, ఎంత తీయడానికి అని నోరు తెరిచి అడగాలి. తెర మీద పడిన అంకె చూపించమనాలి. చదవడం రాకపోతే పక్కన బడికి పోయే పిల్లను వెంట పెట్టుకొని పోవడంలో నామోషీ లేదు. పడలేదు అన్న ప్రతిసారీ పడలేదన్న రసీదు కూడా వస్తుంది, దానిని అడిగి తీసుకోవాలి. రసీదు కాగితం అయిపోయిందని చెబితే ఆ రోజు వేలు పెట్టవద్దు. రేపు వస్తామని లేచి రండి. ఒక్కసారి వేలు పెడితే 10,000 రూపాయలకు మించి రాదు, కాబట్టి పెద్ద మొత్తం కావాలంటే బ్యాంకు శాఖకే పోవడం మేలు. పోయినప్పుడు పాస్‌బుక్కు అచ్చు వేయించుకొని, పాల కార్డు పక్కన పెట్టి, పంపిన బిల్లు, పడిన మొత్తం, తీసిన మొత్తం మూడూ సరిపోతున్నాయా చూసుకోవాలి.

వేలిముద్రకు తాళం వేసుకొనే సదుపాయం కూడా వుంది. ఆధార్ సంస్థ వారి వెబ్‌సైటులో గాని, ఫోనులోని ఎంఆధార్ యాప్‌లో గాని 'బయోమెట్రిక్ లాక్' అని వుంటుంది. అది వేస్తే ఎవరు ముద్ర పెట్టినా, ఆఖరికి మీరు పెట్టినా పని చేయదు. అవసరమైనప్పుడు కొద్దిసేపు తీసుకొని వాడుకోవచ్చు. అయితే అందరినీ ఇది చేయమని మేము చెప్పము. పింఛను, రేషను వేలు పెట్టి తీసుకొనే ముసలివారు తాళం వేసుకొంటే డీలరు దగ్గర వరుసలో నిలబడి అవస్థ పడతారు. వేలిముద్రతో పని లేనివారు, ఫోను వాడకం తెలిసిన ఇళ్ళవారు తప్పక వేసుకోవాలి. ముఖ్యంగా ఈ మధ్య భూమి రిజిస్ట్రేషన్ చేయించుకొన్నవారు ఆలస్యం చేయవద్దు. మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో గత ఆరు నెలల వివరాలు కూడా అదే వెబ్‌సైటులో చూడవచ్చు. మీరు ఇంట్లో వున్న రోజు ఎక్కడో వాడినట్టు వుంటే అనుమానించాలి.

ఇప్పుడు మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. పాలమూరు పేరులో పాలు వున్నాయని ముచ్చటగా చెప్పుకొంటాము గాని, ఆ జిల్లా పేరు దేశమంతా వినపడింది వలస కూలీల వల్ల. కొడుకు బొంబాయిలోనో, పూనాలోనో, హైదరాబాదు కట్టడాల మీదనో వుంటాడు. తల్లి ఇక్కడ రెండు బర్రెలతో ఇల్లు నడుపుతుంది. ఖాతా తెరిచిన నాడు ఇంట్లో ఒకటే ఫోను, అది కొడుకుది. ఆ నంబరే రాయించారు. ఫోను కొడుకుతో పోయింది. తల్లి ఖాతాలో డబ్బు పడినా, తీసినా, సందేశం బొంబాయిలో మోగుతుంది. అతను పరంజా మీద వుంటాడు, చూసుకోడు. ఇంకా కొన్నాళ్ళకు రీచార్జి చేయక ఆ నంబరు మూతపడుతుంది. మూసిన నంబరును 90 రోజులు ఆగి మరొకరికి ఇవ్వవచ్చన్నది టెలిఫోను వారి నియమం. అప్పుడు మీ ఖాతా సందేశాలు, ఓటీపీలు ఎవరో ముక్కూ మొహం తెలియనివారి ఫోనుకు పోతాయి. ఇందులో దొంగ ఇంకా రంగంలోకి రాలేదు, అయినా తలుపు మాత్రం తెరిచే వుంది.

అందువల్ల ఈ నెలలోనే మీ ఖాతాకు, మీ ఆధార్‌కు ఏ నంబరు ముడిపడి వుందో కనుక్కోండి. అది మీ ఇంట్లో, మీ చేతికి అందే ఫోను అయి వుండాలి. మీ పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు నడుస్తున్నాయో చూసుకొనేందుకు కేంద్ర టెలికాం శాఖ వారు 2023లో 'సంచార్ సాథీ' అనే ఏర్పాటు చేశారు. ధర్మారం సంగతి విన్నారు కదా, మీకు తెలియని నంబరు మీ పేరు మీద కనబడితే అక్కడే ఫిర్యాదు చేసి తీసివేయించవచ్చు.

ఫోను ద్వారా జరిగే మోసాలను గురించి పత్రికల్లో రోజూ చదువుతున్నారు, కనుక పాడి రైతులకు తగిలేవి మాత్రం చెబుతాము. యూనియన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని, లీటరుకు ఇచ్చే ప్రోత్సాహకం బాకీ వుందని, ఓటీపీ చెబితే వేస్తామని అంటారు. సంఘం గాని, యూనియన్ గాని, ఫెడరేషన్ గాని సభ్యుడిని ఓటీపీ అడగవలసిన పని ఏదీ లేదు. డబ్బు రావడానికి మీ ఖాతా నంబరు చాలు. డబ్బు పోవడానికే మీ రహస్య అంకె కావాలి. ఫోన్‌పే, గూగుల్‌పేల్లో కూడా ఇదే ధర్మం. 'స్కాన్ చేసి పిన్ను కొట్టండి, మీకు డబ్బు వస్తుంది' అన్నవాడు దొంగ.

పి.ఎం. కిసాన్ పేరుతోనో, బ్యాంకు పేరుతోనో, పెళ్ళి పత్రిక అనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అని వుంటుంది. అది కాగితమూ కాదు, బొమ్మా కాదు. నొక్కితే మీ ఫోనులో కొత్త యాప్ దిగి, మీకు వచ్చే సందేశాలను దొంగకు చేరవేస్తుంది. అప్పుడు వాడు మిమ్మల్ని ఓటీపీ అడగనక్కర కూడా లేదు. పి.ఎం. కిసాన్ డబ్బు ఏడాదికి 6,000, మూడు విడతలుగా ఖాతాలోనే పడుతుంది. దాని కోసం ఎవరూ వాట్సాప్‌లో ఫైలు పంపరు. చుట్టాల నంబరు నుంచే వచ్చినా నొక్కవద్దు. వారి ఫోను అప్పటికే దొంగ చేతిలోకి పోయి వుండవచ్చు, వారు పంపినట్టు వారికే తెలియదు.

ఇంకొకటి బర్రెల బేరం. హర్యానా ముర్రా బర్రె, పూటకు ఇన్ని లీటర్లు అని వీడియో పెడతారు. ధర మన సంతలో వున్నదానికి సగం వుంటుంది. లారీ కిరాయి ముందు పంపమంటారు, తర్వాత దారిలో చెక్‌పోస్టు ఖర్చు అంటారు, తర్వాత బీమా అంటారు. సంతలో బర్రెను కొనేటప్పుడు పళ్ళు చూసి, పొదుగు తడిమి, రెండు పూటలు పిండి చూసి గాని బయానా ఇవ్వని మనిషి, ఫోనులో బొమ్మ చూసి డబ్బు పంపడం మాకు ఇప్పటికీ వింతగానే వుంటుంది. పశువును కళ్ళతో చూడకుండా ఒక్క రూపాయి పంపవద్దు. ఇందులో వేరే సలహా లేదు.

యువకులకు సంబంధించిన సంగతి ఒకటి వుంది, దానిని తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. 'నీ ఖాతా మాకు కొన్నాళ్ళు ఇవ్వు, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే కొంత ముట్టచెబుతాము' అని అడిగేవారు తిరుగుతున్నారు. ఎక్కడో దోచిన డబ్బును ఆ ఖాతాలో వేసి, అక్కడి నుంచి దాటిస్తారు. పోలీసులు డబ్బు వెంట వస్తే మొదట దొరికేది ఖాతా ఎవరి పేరు మీద వుందో వాడే. వేరే రాష్ట్రం నుంచి నోటీసు వస్తుంది, ఖాతా స్తంభిస్తుంది, కేసు మెడకు చుట్టుకొంటుంది. అది ఇంటి పాల బిల్లు పడే ఖాతా అయితే బిల్లు కూడా ఆగుతుంది. కాలేజీ చదువుకొనే పిల్లలే ఎక్కువగా ఇందులో పడుతున్నారు. బర్రెను పాలికి ఇచ్చినట్టు ఖాతాను ఇవ్వరాదు.

ఇక కార్యదర్శుల దగ్గరికి వస్తాము. ఇది కొందరికి కటువుగా వుండవచ్చు.

సంఘం బీరువాలో ఏమున్నాయి? ప్రతి సభ్యుడి ఆధార్ నకలు, పాస్‌బుక్కు మొదటి పుట నకలు, ఫోటో, ఫోను నంబరు, చాలా చోట్ల నిశానీ వేసిన దరఖాస్తు. బర్రె అప్పుకు, బీమాకు, దాణా సబ్సిడీకి ఒక్కొక్క జత చొప్పున తీసుకొని వుంటారు. ఒక దొంగ ఊరంతా తిరిగి ఏడాదిలో పోగు చేయలేనిది సంఘం బీరువాలో ఒక్క అరలో వుంది. మేము నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు తనిఖీ చేసేటప్పుడు ఈ కాగితాలు ఎట్లా వున్నాయో కూడా చూస్తుంటాము. పాత దరఖాస్తులను కిరాణా కొట్టుకు చిత్తుకాగితాలుగా అమ్మివేసిన చోట, ఆధార్ నకలులో పల్లీలు పొట్లం కట్టి ఇచ్చారు. ఇంకొక చోట సభ్యుల పాస్‌బుక్కుల ఫోటోలన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో సంఘంతో సంబంధం లేని పాల వ్యాను డ్రైవరు, దాణా ఏజెంటు కూడా వున్నారు. మరొక సంఘంలో 40 మంది సభ్యుల ఖాతాలకు ఒకే ఫోను నంబరు వుంది. అది కార్యదర్శిది. అడిగితే 'వాళ్ళకు తెలియదు సార్, అన్నీ నేనే చూసుకొంటాను' అన్నాడు. ఆ మనిషి మంచివాడే, పైసా ముట్టినట్టు ఎక్కడా కనబడలేదు. కాని రేపు ఆ ఫోను పోతే, లేదా ఆయన ఒక్క తప్పుడు ఫైలు నొక్కితే, 40 ఇళ్ళ పాల బిల్లులు ఒకే పూటలో పోతాయి. నమ్మకస్తుడు కావడం ఒకటి, భద్రత వేరొకటి. నమ్మకస్తుడైన కోశాధికారి వున్నా నగదు నిల్వకు పరిమితి పెట్టి, రెండు తాళాలు వేయడం సహకార పద్ధతి కాదా?

కనుక పాలకవర్గం ఒక తీర్మానం చేసి ఈ పనులు పెట్టుకోవాలి. పని తీరిన నకళ్ళను చించివేయడం కాదు, కాల్చివేయాలి. ఎన్ని కాల్చారో మినిట్స్ పుస్తకంలో రాయాలి. వుంచుకోక తప్పని వాటిని తాళం వేసిన అరలో పెట్టి, ఎవరికైనా ఇస్తే ఎవరికి, ఎందుకు ఇచ్చారో రిజిస్టరులో ఎక్కించాలి. సభ్యుడు ఇచ్చే నకలు మీద అడ్డంగా 'ఫలానా పనికి మాత్రమే' అని, తేదీ వేసి రాయించాలి. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే నకలు కూడా తీసుకొనే వీలుంది, అది సరిపోయే చోట అదే తీసుకోవాలి. బిల్లు పట్టికలను గోడకు అంటించే సంఘాలు పేరు, లీటర్లు, మొత్తం చూపండి, అది పారదర్శకత. ఖాతా నంబరు అంటించడం మాత్రం పారదర్శకత కాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లోనే చట్టం చేసింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అంచెలంచెలుగా అమలులోకి వస్తున్నాయి. చట్టం గడప దాకా వచ్చే వరకు ఆగనక్కరలేదు. మీ ఊరివారి కాగితాలు అవి.

ఇన్ని చేసినా డబ్బు పోతే ఏమి చేయాలి? వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. రేపు పొద్దున కాదు, కొడుకు వచ్చాక కాదు, అదే గంటలో. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు దాటుతూ వుంటుంది, ఎక్కడో ఒక చోట అది ఆగి వున్నప్పుడే పట్టుకోవాలి. ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, సందేశంలో వున్న లావాదేవీ నంబరు చెప్పాలి. తర్వాత బ్యాంకు శాఖకు పోయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. నోటి మాటతో వెళ్ళి నోటి మాటతో రావద్దు.

ముద్ర ఎందుకంటే, లెక్క రోజుల్లో నడుస్తుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో వాణిజ్య బ్యాంకులకు, అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకు ఒక నియమం చేసింది. ఖాతాదారుడి తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా బయటివాడు డబ్బు కాజేస్తే, బ్యాంకు సందేశం వచ్చిన మూడు పనిదినాల లోపల చెప్పినవారికి నష్టం లేదు, మొత్తం బ్యాంకు ఇవ్వాలి. నాలుగు నుంచి ఏడు దినాల లోపల చెబితే, జన్‌ధన్ వంటి ప్రాథమిక ఖాతాకు 5,000, మామూలు పొదుపు ఖాతాకు 10,000 వరకు మాత్రమే ఖాతాదారుడు భరించాలి. అంతకు మించి ఆలస్యమైతే ఆ బ్యాంకు విధానాన్ని బట్టి వుంటుంది. ఓటీపీ తానే చెప్పినవారికి మాత్రం, ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టం తమదే. బొంబాయిలో మోగిన సందేశం సంగతి ఎందుకు అంత సేపు చెప్పామో ఇప్పుడు తెలిసి వుంటుంది. ఆ మూడు దినాలు మొదలయ్యేది ఆ సందేశంతోనే.

పోలీసులు స్తంభింపజేసిన ఖాతాల్లో దొరికిన డబ్బును బాధితులకు తిరిగి ఇప్పించే పని మన రాష్ట్రంలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థలు కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా చేపట్టాయి. 2024లో చాలా మందికి అట్లా డబ్బు తిరిగి వచ్చింది. త్వరగా చెప్పినవారి డబ్బే అట్లా ఆగి దొరికేది.

త్వరగా చెప్పడానికి అడ్డం వస్తున్నది సిగ్గు. భర్త తిడతాడని, కోడలు నవ్వుతుందని, సంఘంలో పలుచన అవుతామని పది రోజులు కడుపులో పెట్టుకొంటారు. పాల డబ్బు పోగొట్టుకొన్న ఆడమనిషిని ఇంట్లో అనరాని మాటలు అంటారన్న భయం ఉత్తది కాదు, మేము విన్నాము. ఇక్కడ వున్న మగవారిని ఉద్దేశించి చెబుతున్నాము: మీరు తిట్టే ఆ పది రోజుల్లో దొంగ డబ్బు దాటించుకొని పోతాడు. మీ ఇంటి ఆడవారు చెప్పిన నిమిషంలో ఫోను తీసి 1930 కొట్టండి, మిగిలినది తర్వాత మాట్లాడుకోవచ్చు.

సాయంత్రం పాల వేళకు మీరు ఇళ్ళకు చేరాలి, కాబట్టి మేము ఇక్కడితో ఆపుతాము. పాస్‌బుక్కులు తెచ్చినవారు భోజనాల తర్వాత వరండాలోని బల్ల దగ్గరికి రండి. బ్యాంకు నుంచి వచ్చిన గుమాస్తా మీ ఖాతాకు ఏ ఫోను నంబరు వుందో చూసి చెబుతారు, మార్చవలసిన వారికి దరఖాస్తులు కూడా అక్కడే ఇస్తారు. ఫారం ఎవరికి వారే నింపాలి, రానివారికి పక్కనున్నవారు సాయం చేయండి. ప్రశ్నలు వుంటే ఇప్పుడు అడగండి, వెనుక వరుసల నుంచి మొదలు పెడదాము.